రెండంగుళాల వదులు

మిట్టమధ్యాహ్నం... నీడలు సైతం కాళ్ల కిందికి దూరి దాక్కునే ఘోరమైన ఘడియ! ఆకాశంలో మబ్బుతునక లేదు, అయినా ఎక్కడో ఉరిమింది. ఎదుటి మేడ పిట్టగోడ మీద ఒక గుడ్లగూబ పట్టపగలే కళ్లు విప్పుకుని కుట్టుమిషను వైపు చూస్తోంది.

మిషను ముందున్న దర్జీ మూడు నెలల కిందట ఎనభై అయిదు కిలోలు. ఇప్పుడు మెడ కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు. కూర్చోనూలేదు, నిలబడనూలేదు. గుక్కెడు నీళ్లు తాగినా కక్కు.

ఆమె అత్త అన్నం పళ్లెం ముందుకు తోసింది. “ఇదివరకు నీ పక్కన పడుకుంటే మంచం నాకు చాలేది కాదు. ఇప్పుడు దుప్పటి దులిపి నిన్ను వెతుక్కోవాల్సొస్తోంది. తినవే.”

“వాసనకే తిప్పుతోంది అత్తయ్యా, తీసెయ్యండి.”

“డాక్టరమ్మ ఏమంది?”

“సన్నబడే సూదికి కొంత వికారం మామూలేనట. కానీ పేరు లేని సీసాలోది ఇంకెప్పుడూ వేయించుకోవద్దంది. గంటకోసారి రెండు ముద్దలు తినమంది. ఆ రెండే దిగట్లేదు. నాలుగో సూది ఇవాళే. దాంతో కక్కు ఆగుతుందన్నాడు సూదులాయన.”

“అయితే నేనూ వస్తా పద.”

సూదులాయన ఒకప్పుడు కాంపౌండరు. గదిలో ముందు కాటా, వెనక ఫ్రిజ్. సూదికొక నడుం కొలత దారం తెమ్మనేవాడు. ఎందుకో ఎవరూ అడగలేదు. ఆ మధ్యాహ్నం అతడు ఫ్రిజ్ తలుపు తెరిచాడు... సీసాల నడుమ, చన్నీటి చెమట కారుస్తూ... మానవ కపాలం! దాని చుట్టూ దారాలు. పంతొమ్మిది మంది ఆడవాళ్ల జఠరాగ్ని అందులో బందీ! ఇరవయ్యోది ఈమెది. నాలుగో దారంతో ముడి పడితే ఈమె మళ్లీ మెతుకు ముట్టదు, వాడికిక మృత్యువు లేదు!

“నోరెత్తితే ముసల్దాన్ని ముందు చుడతా,” అంటూ అతడు కపాలం చేతిలోకి తీసుకుని కాటా ఎక్కి నిలబడి మంత్రం అందుకున్నాడు. గోడలు కంపించాయి. దర్జీ కనుగుడ్లు తెల్లగా తిరిగిపోయాయి. ఆమె గొంతులోంచి పంతొమ్మిది గొంతుల ఆర్తనాదం!

అతడు నాలుగో దారం కపాలానికి చుట్టి ముడి లాగాడు. దారం జారింది. మళ్లీ లాగాడు... మళ్లీ జారింది.

“కొలత తప్పిచ్చావా?”

“తప్పు కాదు,” అంది దర్జీ గోడ పట్టుకుని, సొంత గొంతుతో. “నాలుగు దారాలకీ రెండంగుళాలు వదులు పెట్టా. బిగించి కొలవడం నా చేతికి రాదు. మనిషన్నాక రేపు ఒళ్లు చేయొచ్చు.”

ఆ రెండంగుళాల సందులోంచి బయటపడింది... ఏ మంత్రానికీ లొంగని మహాశక్తి, ఆకలి! ఇరవై మంది ఆకలి ఒక్కసారిగా సూదులాయన కడుపులో దూకింది. దూది మింగాడు. సీసాలు నమిలాడు. కపాలాన్ని పటపటా కొరికాడు. చాలలేదు. తన వేళ్ల వైపు చూసుకున్నాడు... అత్త కోడలి కళ్లు మూసింది. కాటా ముల్లు తొంభై నుంచి కిందికి, కిందికి వచ్చి సున్నా దగ్గర ఆగింది. కాటా మీద గుప్పెడు బూడిద.

ఇంటికొచ్చాక దర్జీ కడుపు గుర్రుమంది. రెండు ముద్దలు తింది. నిలిచాయి.

“ఇంకోటి పెట్టనా?”

“గంట ఆగండి అత్తయ్యా.”

గడియారం చూసింది, లేచింది, మళ్లీ చూసింది. చేతులు ఊరుకోక, సన్నబడ్డాక బిగువు చేసుకున్న జాకెట్టు తీసుకుని పక్క కుట్లు విప్పడం మొదలుపెట్టింది.