తిప్పమ్మవ్వ అడిగిన ప్రశ్నలు

మధ్యాహ్నం భోజనం గంట కొట్టే సమయానికి సుష్మ రెండో పేజీ మధ్యలో ఉంది.

ఏడో తరగతి గదిలో టేబుల్ మీద ఆమె చేసిన నమూనా ఉంది. అట్టపెట్టెలో ఎర్రమట్టి పోసి, ఒక మూలన గుంత చేసి, గుంతలో నీలం ప్లాస్టిక్ కవర్ పరిచింది. పొలంలో వాననీళ్ళు పట్టుకునే ఫారం పాండ్ అది. వచ్చే శనివారం కొత్తచెరువులో సైన్స్ ఫెయిర్. బడి తరఫున ఒక్కరే వెళ్ళి చెప్పాలి.

"కావున వర్షాభావమున పంటను కాపాడుటకు ఫారం పాండ్లు ఎంతగానో..."

టంగ్ టంగ్‌మని గంట మోగింది. సుష్మ ఆగింది. గంట కూడా ఆగింది.

"ఎంతగానో?" అంది అరుణజ్యోతి టీచర్.

సుష్మ కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుంది. "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు..."

క్లాసంతా గొల్లుమంది.

"టీచర్, బస్సు మళ్ళీ మొదటి స్టాపు పుట్టపర్తి నుంచి బయల్దేరింది!" అన్నాడు దేవేంద్ర.

టీచర్‌కు కూడా నవ్వొచ్చింది. ఆపుకుంది. "ఎన్నిసార్లు చదివినావు సుష్మా?"

"యాభైసార్లు టీచర్."

"సరే. ఈ కుంట పొలంలో ఏ పక్క తవ్వాల?"

ఆ సంగతి మూడో పేరాలో ఉందని సుష్మకు తెలుసు. కానీ మూడో పేరా రావాలంటే మొదటి రెండూ దాటాలి. పెదాలు గబగబా కదిలాయి. సగం దారిలోనే చిక్కుపడింది.

"జడ్జీలు మధ్యలో అడుగుతారు పాపా," అంది టీచర్. "వచ్చే గురువారం మళ్ళీ వింటా. అప్పుడూ ఇట్లే ఉంటే, చెప్పేదానికి దేవేంద్రను పంపిస్తా."

ఆ నమూనా కోసం సుష్మ నాలుగు రోజులు మట్టి జల్లించింది. తను చేసిన కుంట పక్కన దేవేంద్ర నిలబడి చెప్తాడా?

ఇంటికి వెళ్ళేసరికి ఉపాయం తట్టింది. యాభైసార్లు చాలకపోతే నూరుసార్లు చదవాలి.

కానీ ఇంట్లో శెనక్కాయల మూటలు విప్పి ఉన్నాయి. వాన పడితే విత్తాలి. తిప్పమ్మవ్వ విత్తనం కాయలను మిషన్‌కు పంపదు. చేత్తోనే ఒలవాలంటుంది. పక్కింటి తిమ్మక్క కూడా వచ్చి కూర్చుంది. సుష్మ వంతు ఒక చేటెడు.

"ఒలిచి పెట్టి, ఆమీద చదువుకో పో," అంది అవ్వ.

చేటెడు కాయలు ఒలవాలంటే చీకటి పడుతుంది. సుష్మ చేట ఎత్తుకుని వంటింట్లోకి పోయింది. కాయలు గోనెసంచి మీద పోసి, చపాతీ కర్రతో గట్టిగా రుద్దింది. పటపటమని పగిలాయి. పది నిమిషాల్లో పని అయిపోయింది. పొట్టు చెరిగి, గింజలు తెచ్చి అవ్వ ముందు పెట్టి, నోట్‌బుక్ అందుకుంది.

అవ్వ గింజలు దోసిట్లోకి తీసుకుంది. సగం బద్దలుగా చీలిపోయాయి. తక్కినవాటికి ఎర్రపొర లేచిపోయింది.

"ఏమే, ఇవి దేంతో కొట్టినావు?"

"చపాతీ కర్రతో అవ్వా."

"అయ్యో నా తల్లీ! పొర పోయిన గింజ మొలుస్తాదా? చట్నీకి పనికొస్తాది, చేనికి కాదు."

"రేపట్నుంచి నాలుగు రోజులు చట్నీనే!" అని నవ్వింది తిమ్మక్క.

అవ్వ ఇంకో చేటెడు కాయలు సుష్మ ముందు పోసింది. "ఈడనే కూర్చో. నా కండ్ల ముందర ఒలువు."

సుష్మకు ఏడుపొచ్చింది. "చదువుకోవాల అవ్వా! గురువారానికి రాకపోతే దేవేంద్రను పంపిస్తారు."

"ఏం చదవాలో చెప్పు. మేమూ వింటాం."

సుష్మ ఒలుస్తూ మొదలుపెట్టింది. "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు..."

"ఈడ ప్రధానోపాధ్యాయులు యాడుండారే? నేనూ, తిమ్మక్కా ఉండాం. కుంట సంగతి చెప్పు."

సుష్మ ఆగిపోయింది. నమస్కారం లేకుండా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చెయ్యి మెల్లగా నోట్‌బుక్ వైపు పోయింది. అవ్వ ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

"మట్టి చేతుల్తో పుస్తకం ముట్టద్దు. నేనడిగింది నిన్ను, దాన్ని కాదు."

"పొలంలో కుంట తవ్వితే ఆ జాగాలో పంట పోతాది గదా?" అని మొదలుపెట్టింది తిమ్మక్క. "ఎవరికి లాభం?"

సుష్మ కాయ నొక్కింది. టప్‌మంది. ఇంకో కాయ నొక్కింది. ఏదో చదివింది. ఏం చదివింది?

"కొంచెం జాగా పోతాది అత్తా. కానీ..." ఇంకో కాయ. "కానీ వాన పారిపోకుండా నిలబడ్తాది. శెనగచెట్టు ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టేటప్పుడు వాన రాకపోతే, ఆ నీళ్ళతో ఒక్క తడి ఇయ్యచ్చు. ఆ ఒక్క తడికే పంట దక్కుతాది."

ఈ మాటలు నోట్‌బుక్‌లో ఇలా లేవు. అయినా వచ్చాయి. సుష్మకే ఆశ్చర్యమేసింది.

"మరి ఎండకు నీళ్ళు ఎగిరిపోవా?" అంది అవ్వ.

దీనికి మాత్రం ఏమీ రాలేదు. చేట ఖాళీ అయ్యాక చేతులు కడుక్కుని, నోట్‌బుక్ తెరిచి ఆ ఒక్కటే వెతికింది. నాలుగో పేరాలోనే ఉంది. యాభైసార్లు దాని మీదుగానే పోయింది. ఒక్కసారి కూడా ఆగలేదు.

మర్నాడు కూడా కాయలే. కూర్చోగానే అవ్వ అడిగింది. "ఎండకు నీళ్ళు ఎగిరిపోవా పాపా?"

"నిన్న అడిగినావు గదా!"

"మర్సిపోయినా. మళ్ళా చెప్పు."

సుష్మ చెప్పింది. కుంట వెడల్పు తగ్గించి లోతు పెంచితే ఎండ తగిలే జాగా తగ్గుతుంది. పైన నీడవల కడితే ఇంకా తక్కువ పోతాయి. ఈసారి తడుముకోలేదు.

మూడోరోజు అవ్వ కొత్త ప్రశ్నలు రెండు అడిగి, మొదటి రోజుది మళ్ళీ అడిగింది. ఆదివారం ఏమీ అడగలేదు. సోమవారం అన్నీ అడిగింది. బురద ఎక్కడ ఆగుతుంది, కవర్ ఎందుకు పరవాలి, ఏ పక్క తవ్వాలి.

"పల్లం పక్క అవ్వా. నీళ్ళు ఎగువకు ఎక్కుతాయా?"

"ఏమో, టీచరమ్మవు నువ్వు," అంది అవ్వ. తిమ్మక్క పకపకా నవ్వింది.

గురువారం టీచర్ నోట్‌బుక్ తీసి పక్కన పెట్టేసింది. "నీళ్ళతో పాటు మట్టి కూడా వస్తాది గదా, కుంట పూడిపోదా?"

"నీళ్ళు దిగే చోట ముందర ఒక చిన్న గుంత తీస్తాం టీచర్. మట్టి ఆడనే ఆగిపోతాది. ఏడాదికొకసారి ఎత్తి పోసుకోవచ్చు."

"కుంటకు మరీ ఎక్కువ నీళ్ళొస్తే?"

సుష్మ తల అడ్డంగా ఊపింది. "అది నాకు తెలీదు టీచర్. కనుక్కుని రేపు చెప్తా."

దేవేంద్ర వెనక బెంచీ నుంచి లేచాడు. "టీచర్, సుష్మనే పంపండి. నేను పోతే గుంత కాడనే పడిపోతా."

"ఎవరమ్మా నేర్పించింది?" అంది టీచర్.

"మా అవ్వ టీచర్. కాయలు ఒలుస్తా అడిగింది."

శుక్రవారం టీచర్ పాఠం మొదలయ్యే ముందు బోర్డు వైపు తిరగలేదు. "అందరూ పుస్తకాలు మూయండి. నిన్న ఏం చెప్పినానో మీరు చెప్పండి," అంది. క్లాసంతా ఒకరి మొహాలొకరు చూసుకుంది. సుష్మ మాత్రం, ఎక్కువ నీళ్ళు బయటికి పోయే దారి గురించి చెప్పడానికి చెయ్యెత్తింది.

శనివారం కొత్తచెరువులో హైస్కూల్ హాలంతా గోలగోల. జడ్జీలు ఇద్దరు సుష్మ దగ్గరికి వచ్చారు. రెండో మాటకే ఒకాయన ఆపాడు. కవర్ ఎన్నేళ్ళుంటుందని అడిగాడు. సుష్మ చెప్పింది. చెప్పి, ఆపిన చోటునుంచే సాగింది. ఇంతలో టీలు వచ్చాయి. జడ్జీలు గ్లాసులు అందుకుని వరండాలోకి నడిచారు.

పక్క టేబుల్ దగ్గర ఎవరో ముక్కు ఎగబీలుస్తున్నారు.

ఐదో తరగతి పాప. బ్యాడ్జీ మీద కృపాకుమారి అని ఉంది. ముందర నీళ్ళసీసాతో చేసిన పొట్ట, ప్లాస్టిక్ ట్యూబులతో చేసిన పేగులు. చేతిలో నలిగిన కాగితం. "మానవ జీర్ణవ్యవస్థ యందు... మానవ జీర్ణవ్యవస్థ యందు..."

"మర్సిపోయినావా?" అంది సుష్మ.

"రాత్రంతా చదివినా అక్కా. ఇప్పుడు ఒక్క ముక్క రాలేదు. టీ తాగినాక నా దగ్గరికే వస్తారు."

సుష్మ కాగితం తీసుకుని, మడిచి, టేబుల్ కింద పెట్టింది.

"అక్కా!"

"నేను పొద్దున బస్టాండులో ఇడ్లీ తిన్నా. అది ఇప్పుడు యాడుండాది?"

కృప కళ్ళు తుడుచుకుంది. అర్థం కానట్టు చూసింది. తర్వాత సీసా మీద వేలు పెట్టింది. "ఈడ... పొట్టలో."

"నేరుగా పొట్టలోకే దూకిందా?"

కృపకు నవ్వొచ్చింది. "కాదక్కా. ముందు పండ్లు నమిలినాయి. ఉమ్మి కలిసింది. ఈ గొట్టంలో నుంచి దిగింది. పొట్టలో..." అని ఆగింది. చూపు టేబుల్ కిందికి పోయింది.

సుష్మ తొందర పెట్టలేదు. కాగితం తియ్యలేదు. అలాగే నిలబడి చూసింది.

"పొట్టలో రసాలుంటాయి!" అంది కృప ఒక్కసారిగా. "అవి ఇడ్లీని మెత్తగా చేస్తాయి!"

జడ్జీలు టీ గ్లాసులతోనే వెనక్కి వచ్చి నిలబడ్డారు. కృప వాళ్ళను చూడలేదు. సుష్మ చూసింది. చూసి కూడా చూడనట్టే, పేగుల ట్యూబు పట్టుకుని అడిగింది.

"ఆమీద?"