దాపటి ఎద్దు

బోనకల్ స్టేషన్‌లో రైలు దిగిన తుల్సీరాం ప్లాట్‌ఫారం మీదే కూలి ప్రాణం వదిలాడు. నడుముకు పచ్చి కుట్లు. పోస్టుమార్టంలో కిడ్నీ ఒక్కటీ కనపడలేదు.

"పుట్టుకతోనే వాడికి ఒక్కటే," ఖమ్మం ఇంటెలిజెన్స్ చీఫ్ వెంకటరామారావు చెప్పాడు. "స్కానింగ్ లేకుండా అదీ కోసేశారు. విదేశీ ముఠా. సర్జన్ పేరు క్రేన్. కత్తి చేతిలో ఉండగా పట్టాలి."

"నన్నే ఎందుకు సార్?" అన్నాడు ఏజెంట్ జంపయ్య.

"ఈసారి ముఠా బాస్‌కే కిడ్నీ కావాలి. టిష్యూ టైపింగ్‌లో నీదే కలిసింది. వాళ్ల ల్యాబ్‌లో నిర్మలాదేవి మన మనిషి. వాళ్ల దగ్గరా జీతం తీసుకుంటుందనుకో. నీకున్నది ఒక్కటేనని ఆమెకు కూడా తెలియదు."

ఎడమది మూడేళ్ల కింద అక్క భారతమ్మకు ఇచ్చాడు జంపయ్య.

భద్రాచలం అవతల, అడవిలో తునికాకు గోదాము. లోపల జనరేటర్, తెల్లటి లైట్లు, రెండు బల్లలు. ఒకదాని మీద మత్తులో బాస్. రెండోదాని మీద ఆకు కూలీ వేషంలో జంపయ్య. మెడలో తాయెత్తు. దాన్ని నొక్కితే చెట్ల చాటున్న పోలీసులకు సిగ్నల్.

"గీ మచ్చ ఏంది?" ఎడమ నడుము చూపిస్తూ, పట్నం నుంచి తెచ్చుకున్న దుబాసీ అడిగాడు.

"ఎలుగుబంటి గీకింది దొరా."

క్రేన్ మచ్చ చూసి తల ఆడించాడు. "అయితే కుడిది తీద్దాం."

జంపయ్యకు మిగిలింది అదొక్కటే. అప్పుడే సెంటు ఘుమఘుమలతో నిర్మలాదేవి వచ్చింది. తాయెత్తు పుటుక్కున కత్తిరించి, బకెట్‌లో వేస్తున్నట్టు వంగి లేచింది. చేతులకు బెల్టులు బిగించింది.

అమ్ముడుపోయిందా?

"ఏందయ్యా, గట్ల వణుకుతున్నవ్? ఎద్దులున్నయా?" నిర్మలాదేవి అడిగింది.

"జత ఉండె. దాపటిది మా అక్కకిచ్చిన."

ఆమె చూపు మచ్చ మీద పడింది. చేయి ఆగింది.

"నేను ముదిగొండ కాపుల బిడ్డనే. నీ గంట దాపటి ఎద్దుకు కట్టిన. ఎలపటి దాని జోలికి పోకు, పొడుస్తది."

"ఎద్దుల ముచ్చట," దుబాసీ క్రేన్‌కు చెప్పి నవ్వాడు.

దాపట అంటే కాడికి ఎడమ పక్క, ఎలపట అంటే కుడి పక్క. నాగలి ఎరగని దుబాసీకి అదెక్కడ తెలుస్తుంది! జంపయ్య ఎడమ వేళ్లు బల్ల కింద తడిమాయి. తాయెత్తంత బిళ్ల తగిలింది. కుడి వేళ్లకూ అలాంటిదే తగిలింది; రెంటిలో ఒకటి గార్డులను పిలిచే బెల్లు. రెండు పక్కలా జీతం తినే మనిషి మాట. నమ్మి ఎడమ పక్కే నొక్కాడు.

ఎవరూ రాలేదు. మత్తు మాస్కు ముఖం మీదకు దిగుతోంది. మత్తు ఎక్కేదాకా ఆగకుండానే కత్తి మొన చర్మానికి ఆనింది. నెత్తురు చుక్క జారింది.

ధడేల్! తలుపు విరిగి పడింది. "హ్యాండ్సప్!"

కత్తి పట్టుకునే చేతులెత్తాడు క్రేన్. "పర్ఫెక్ట్ మ్యాచ్!" గొణిగాడు.

"మ్యాచ్ చూసినవ్ గానీ," నిర్మలాదేవి బెల్టులు విప్పుతూ అంది, "ఇచ్చెటోనికి ఇంకోటి ఉన్నదో లేదో చూసినవా?"

వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు కరకరలాడింది. "జంపయ్యా, ఎట్లున్నవ్?"

"మంచిగున్న సార్. ఎలపటి ఎద్దు ఇంకా కొట్టంలనే ఉంది."