పెద్దోడు లోపలికి పోయిండా?

వాన పడితే చర్చి అరుగైనా, కల్లు దుకాణం చూరైనా ఒకటే. వరంగల్ స్టేషన్ రోడ్డు మీద ఆటో ఆపి రాజమల్లు చర్చి అరుగెక్కింది తడవకుండా ఉండటానికే తప్ప దేవుడి మీద ప్రేమతో కాదు.

లోపల చాపల మీద కొంతమంది కూర్చున్నారు. వాళ్ల ముందు ఒక పొడుగుజడ పిల్ల కథ చెబుతోంది. చిన్నకొడుకు వాటా తీసుకుపోయి, అంతా తగలేసి, ఆకలికి ఇల్లు చేరాడు. తండ్రి వాణ్ణి కావలించుకుని, దూడను కోయించి దావత్ పెట్టాడు. పొలం నుంచి వచ్చిన పెద్దకొడుకు అలిగి గడప బయటే నిలబడ్డాడు. తండ్రి బయటకొచ్చి బతిమాలాడు. కథ అంతే.

"ఇప్పుడు మీరు జెప్పుండ్రి. పెద్దోడు లోపలికి పోయిండా, లేదా?"

అక్కడి పద్ధతి అది. కథ ఆమెది, జవాబు వాళ్లది.

"ఎందుకు పోతడు?" అన్నాడు రాజమల్లు కిటికీలోంచి. "పంచాయితీ పెడితే తప్పు ముసలోనిదే."

ఆ పిల్ల రూతమ్మ, ఆ చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి వీరభద్రం కూతురు. నవ్వు ఆపుకుంది.

"లోపలికొచ్చి మాట్లాడన్నా. బయటోళ్ల జవాబు లెక్కకు రాదు."

"అన్నా అంటే బయటనే మంచిగున్నది."

ప్రేమ తీరికున్నవాళ్ల జబ్బు. రాజమల్లుకు ఆదివారాలు తీరికే. వాన లేకున్నా అరుగు మీదికి చేరేవాడు. ఆమె కథలో రాళ్ల మీద విత్తనాలు చల్లినోడు ఏం రైతని ఒక వారం, దీపాలారిపోతున్న తోటోళ్లకు నూనె అప్పియ్యని ఆడోళ్లు ఏం తెలివిగలోళ్లని ఇంకో వారం కిటికీలోంచి కొట్లాడేవాడు. గడప మాత్రం దాటలేదు.

"బాప్తిస్మం తీసుకుంటవా, రాజమల్లు?" అన్నాడు వీరభద్రం ఒకసారి.

"వేడినీళ్లు పెడితే చూద్దాం, అయ్యగారూ."

ఒకనాడు ఆటోలో ఇంటికి పోతూ రూతమ్మ అడిగింది.

"ఆ పెద్దోని మీద నీకంత ప్రేమ, పావురమేంది?"

"నా తమ్ముడు బొంబాయి పారిపోయి, ఉత్తచేతులతోని వచ్చిండు. మా నాయిన మేకపోతును కోసిండు. ఎద్దోలె చాకిరి చేసిన నాకు ఒక్కనాడు కోడిని గూడ కొయ్యలే. గా దినమే మా ఊరు రఘునాథపల్లి ఇడిచిన. మల్ల గడప తొక్కలే."

ఆమె ముందు సీటు వైపు వంగింది.

"నిన్ను అన్నా అనుడు బంద్ చేసిన. చూసినవా?"

"చూసిన. అందుకే రోజూ గడ్డం గీసుకుంటాన."

"మరి మా నాయిన సంబంధం మాట్లాడాలంటే ఎవలింటికి పోవాలె? ఆటో స్టాండుకా?"

రాజమల్లు హారన్ కొట్టాడు. రోడ్డు మీద ఎవరూ లేరు.

"పెద్దోడు పోయిండా లేదా, ముందు నువ్వు జెప్పు," అని ఆమె దిగిపోయింది.

తర్వాతి ఆదివారం అరుగు ఖాళీ. కిటికీ వైపు చూస్తూ రూతమ్మ తప్పిపోయిన గొర్రె దొరకకుండానే కథ ముగించింది.

ఆ పై వారం రాజమల్లు చెప్పులిడిచి, లోపలికొచ్చి, చాప మీద కూర్చున్నాడు.

"పోయిండు," అన్నాడు.

"బైబిల్ల రాయలే గద. నీకెట్ల తెలుసు?" అంది రూతమ్మ.

"కూరల ఉప్పెక్కువైంది. నా తమ్ముడు వండిండు."

"మీ నాయిన బతిమాలిండా?"

"బతిమాలుడా? 'బువ్వ సల్లగైతాంది, తింటవా, కుక్కకెయ్యాల్నా' అన్నడు."

చాపల మీద నవ్వులు. వీరభద్రం ముందుకు వంగాడు.

"మేకనేనా కోసింది?"

"కోడిని, అయ్యగారూ. ముసలి కోడి. నమిలి నమిలి ఇంకా పండ్లు నొస్తానయ్."

"మీ నాయినతోని జర మాట్లాడాలె. ఎప్పుడు దొరుకుతడు?"

"బయట ఆటోల కూసున్నడు. ఎవలన్న వచ్చి పిలిస్తెనే దిగుతడట. అలిగిండు."

రూతమ్మ లేచి కొంగు సర్దుకుంది.

"నేను పిలుచుకొస్త."

"ఏమని పిలుస్తవ్?" అన్నాడు రాజమల్లు.

"మామా అని," అంటూ ఆమె గడప దాటింది.