కొబ్బరినీళ్ళు వద్దన్న కూతురు

"ఇయ్యాల కూడా వద్దేటి?" అంది నూకరత్నం, చెక్కిన బొండాం చేతిలో పట్టుకుని.

"వద్దమ్మా, సాయంత్రం తాగుతానులే," అని తనూజ గుమ్మంలో చెప్పులేసుకుంది.

ఉద్దానంలో పుట్టి, కొబ్బరిచెట్ల మధ్యే పెరిగి, చిన్నప్పుడు బొండాం కోసం నేలమీద దొర్లి ఏడ్చిన పిల్ల ఇప్పుడు కొబ్బరినీళ్ళు వద్దంటోంది. పోనీ, మొహం మొత్తిందనుకుందాం. మంచినీళ్ళేం పాపం చేశాయి? పొద్దున లేచిన దగ్గర్నుంచి గుక్కెడు తాగలేదు. చద్దన్నం కూడా నీళ్ళు పిండేసుకుని తింది. రోజూ ఇలాగే ఉంటే అదో దారి. సోమ, బుధ, శుక్రవారాల్లోనే ఈ వేషాలు. ఆ రోజుల్లోనే పలాసలో బ్యాంకు పరీక్షల కోచింగని స్కూటీ తీస్తుంది. సాయంత్రం కళ్ళెర్రగా, ఒళ్ళు నీరసంగా వచ్చి మంచమెక్కుతుంది.

"ఎండ మండిపోతంటే ఆ పొడుగుసేతుల సొక్కా ఏటే అమ్మీ?"

"ఎండకేనమ్మా! నల్లబడిపోనా మరి?" అని నవ్వేసి తనూజ స్కూటీ ఎక్కింది. నూకరత్నం ఆ నవ్వు చూడలేదు. ఎడమచేతి మణికట్టు దగ్గర, చొక్కా చెయ్యి కింద నుంచి తొంగిచూస్తున్న తెల్లని పట్టీని చూసింది.

మొన్న కుళాయి దగ్గర కూడా అంతే. బిందె కుడిచేత్తోనే ఎత్తింది. ఎడమచెయ్యి ఆన్చనైనా ఆన్చలేదు.

అరుగు మీద కూర్చున్న సింహాచలం పెళ్ళాం చేతిలోని బొండాం అందుకుని గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుంటూ, "ఏటలాగ బిగుసుకుపోనావు?" అన్నాడు.

"గుంట ఏదో దాత్తంది."

"నీ అనుమానం తగలెయ్యా! బంగారంలాగుంది కదే పిల్ల."

"బైరాగి కూడా బాగున్నాడనే అన్నారు మీరు."

ఆ పేరు వినగానే సింహాచలం ఖాళీ బొండాం కింద పెట్టేశాడు. బైరాగి నూకరత్నం తమ్ముడు. కిడ్నీలు పాడైన సంగతి అక్కకి కూడా చెప్పకుండా నడివేసవిలో పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని తిరిగాడు. వారానికి మూడు రోజులు జీడిపిక్కల బేరానికని పలాస వెళ్ళేవాడు. వెళ్ళింది డయాలసిస్‌కని ఊరికి తెలిసేసరికి మనిషి సగమయ్యాడు. డాక్టర్లు నీళ్ళు కొలిచి తాగమన్నారు, కొబ్బరినీళ్ళు ముట్టుకోవద్దన్నారు. చివరి రోజుల్లో అక్క చెయ్యి పట్టుకుని, "ఒక్క బొండాం కొట్టియ్యే అప్పా," అని అడిగాడు. ఆమె ఇవ్వలేదు. ఆ బాధ ఆమెకింకా తగ్గలేదు.

ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఈ తీరంలో, ఇంకో ఊరివాళ్ళకి అక్కర్లేని చదువు ఒకటి అందరికీ వచ్చు. ఎవరైనా కొంచెం వాడిపోయి కనిపిస్తే మొహం చూడరు, ఎడమచెయ్యి చూస్తారు. డయాలసిస్ కోసం అక్కడే రక్తనాళాలు కలిపి కుడతారు. ఆ చేత్తో బరువెత్తకూడదు. దానిమీద వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుయ్యిమంటుంది. బైరాగి చెయ్యి నిమిరినప్పుడల్లా నూకరత్నం వేళ్ళకి ఆ జుయ్యిమనేది తగిలేది.

నూకరత్నం బిందె పుచ్చుకుని కుళాయికి వెళ్ళింది. అక్కడ తనూజ స్నేహితురాలు సింధూర కనిపించింది. ఇద్దరూ కలిసే కోచింగ్‌లో చేరారు.

"ఏటమ్మీ, నువ్వు కోచింగ్‌కి ఎల్లలేదేటి?"

"కోచింగెక్కడిది అత్తా? అయిపోయి నెల దాటీసింది కదా!" అని, ఆ తర్వాత సింధూర నాలిక్కరుచుకుంది. "నాకేటి తెల్దు. తనూజనే అడగండి," అంటూ సగం నిండిన బిందెతోనే పరుగుతీసింది.

నూకరత్నం ఖాళీ బిందెతో ఇంటికొచ్చి సంగతి చెప్పింది. అంతవరకూ పిల్ల బంగారమన్న సింహాచలం ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"అయితే అదే! ఎవుడో కుర్రోడున్నాడు!"

"మీ నోట్లో పంచదార పొయ్య! కుర్రోడే అయ్యుండాల," అంది నూకరత్నం.

సింహాచలం పెళ్ళాన్ని తేరిపార చూశాడు. పక్కింటి పిల్ల ఎవరితోనో మాట్లాడిందని ఊరంతా చాటిన మనిషి ఈమేనా అనిపించింది. ఆమె మాత్రం కళ్ళు మూసుకుని నూకాలమ్మకి మొక్కుకుంటోంది. తల్లీ, కుర్రోడే అవ్వాలి. ఏ కులమోడైనా సరే, ఏ పనిలేనోడైనా సరే. ఆస్పత్రి మాత్రం కాకూడదు.

"బండి తియ్యండి," అంది కళ్ళు తెరిచి.

బండి జీడితోటల మధ్య నుంచి పోయింది. పలాసని ఆనుకునున్న కాశీబుగ్గ దగ్గరపడి, జీడిపిక్కలు కాల్చే పొగ వాసన తగిలాక సింహాచలం అడిగాడు. "ముందెక్కడికే? బస్టాండ్ కాడ ఎతుకుదుమా?"

"ముందు ఆస్పత్రికి."

డయాలసిస్ గది ఆమెకి కొత్త కాదు. గుమ్మంలో నిలబడి ఒక్కో మంచమే చూసుకుంటూ పోయింది. ఒకచోట ఆడపిల్ల జడ కనిపించింది. ఆ పిల్ల అటు తిరిగి పడుకునుంది. పక్కనున్నామె దుప్పటి సర్దితే మొహం కనపడింది. తనూజ కాదు. నూకరత్నం ఊపిరి పీల్చుకుంది. వెంటనే, ఆ పక్కనున్నామె కూడా ఒక తల్లే కదా అని గుర్తొచ్చి సిగ్గుపడింది.

"ఎవులు కావాలమ్మా?" అనడిగాడు అక్కడి మనిషి.

"ఎవులూ వద్దు బాబూ," అని బయటికి వచ్చేసింది.

ఆస్పత్రిలో లేదంటే అనుమానం పోవాలి కదా! పోలేదు. ఇంకే ప్రైవేటు ఆస్పత్రికో వెళ్తోందేమో, బైరాగి లాగే ఎవరికీ కనపడకుండా! బండి తిప్పుకుని కాశీబుగ్గ సందులో పడేసరికి సింహాచలం బ్రేకు వేశాడు. ఒక మొబైల్ షాపు ముందు తనూజ స్కూటీ ఉంది. షాపు పక్క నుంచి పైకి మెట్లున్నాయి. మెట్ల పొడుగునా మగవాళ్ళ చెప్పులు. వాటి మధ్య తనూజ చెప్పులు.

"నానన్నానా నేదా!" అంటూ సింహాచలం పళ్ళు నూరాడు. నూకరత్నం అప్పటికే మెట్లెక్కేస్తోంది.

పైన తలుపు తోసేసరికి చీకటి గది. కిటికీలకి దుప్పట్లు కట్టారు. అరడజనుమంది కుర్రాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. మధ్యలో కుర్చీలో తనూజ. ఎదురుగా పెద్ద తెర మీద ఇద్దరు బొమ్మమనుషులు ఒకరినొకరు తన్నుకుంటున్నారు. తనూజ ఒళ్ళో చెక్కపెట్టె ఉంది. దానిమీది పుల్లని ఎడమచేత్తో గిరగిరా తిప్పుతూ, కుడిచేత్తో బొత్తాలు టకటకా కొడుతోంది. చొక్కా చేతులు మోచేతి దాకా మడిచింది. మణికట్టుకి తెల్లని పట్టీ.

నూకరత్నానికి తెర కనపడలేదు, కుర్రాళ్ళు కనపడలేదు. పరుగున వెళ్ళి కూతురి ఎడమచెయ్యి పట్టుకుని లాగింది.

"అమ్మా! వదులు! ఆట పోతాదే!"

నూకరత్నం వదల్లేదు. పట్టీ పీకేసి మణికట్టు మీద బొటనవేలు గట్టిగా నొక్కిపెట్టింది. తెర మీద తనూజ బొమ్మ వరసగా దెబ్బలు తిని పడిపోయింది. కుర్రాళ్ళు "అయ్యో" అన్నారు. నూకరత్నం వేలి కింద కుట్టు లేదు, మచ్చ లేదు, జుయ్యిమనే చప్పుడు లేదు. నాడి మాత్రం ధన్‌ధన్‌మని కొట్టుకుంటోంది. ఇంకొంచెం పైన చూసింది, ఇంకొంచెం కింద చూసింది. ఎక్కడా ఏమీ లేదు. ఆమె అక్కడే నేలమీద కూలబడి బావురుమంది.

తనూజ కోపమంతా ఎగిరిపోయింది. తల్లి పక్కన కూర్చుంది. "ఏటమ్మా? ఏటైనాది?"

"మీ మావ సెయ్యిలాగ..." మాట పూర్తికాలేదు.

తనూజకి అర్థమయ్యేందుకు అంతే చాలు. ఆమె కూడా ఉద్దానం పిల్లే. "నాకు కిడ్నీ అనుకున్నావా? ఇది ఆడీ ఆడీ మణికట్టు నొప్పెట్టిందే అమ్మా! డాక్టర్ పట్టీ కట్టుకోమన్నాడు. బరువులెత్తొద్దన్నాడు. అంతే!"

"మరి నీళ్ళెందుకు తాగవు?"

తనూజ కుర్రాళ్ళ వైపు చూసి, తల్లి చెవిలో చెప్పింది. "కింద షాపుకీ ఈ గదికీ ఒకటే బాత్రూం. తలుపుకి గొళ్ళెం నేదు. ఈళ్ళని ఏటని అడగను?"

గుసగుస అనుకుంది గానీ గదంతా వినబడింది. షాపు యజమాని కామేశ్ తలవంచుకున్నాడు. "ఇయ్యాలే బిగించీత్తాను తనూజా," అని గొణిగాడు.

భయం పోయిన చోటికి కోపం రావడానికి ఎంతసేపు? నూకరత్నం లేచి కూతురి చెంప ఛెళ్ళుమనిపించింది.

"ఆటా? ఆట కోసం నన్నిన్నాళ్ళూ సంపీసినావేటే? కోచింగని అబద్ధం ఆడతావా?"

"ఇంతమంది మగాళ్ళున్న గదికి ఎల్తన్నానంటే గుమ్మం దాటనిచ్చీదానివా?" తనూజ చెంప పట్టుకుని ఏడుస్తూనే అడిగింది. "మనూళ్ళో నెట్ ఆడదు. కరెంటుండదు. తెలుగోళ్ళందరికీ నెట్‌లో పెట్టిన వీడియోగేమ్ పోటీ ఇది. గెలిత్తే హైదరాబాద్‌లో స్టేజీ మీద దేశమంతటితోనూ ఆడొచ్చు. నాకిది వచ్చమ్మా. నిజంగా బాగా వచ్చు. నీకంతనుమానం వత్తే ఒక్కమాట అడగొచ్చు కదా?"

నూకరత్నం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అడిగితే అవునంటావేమోనని," అంది.

సింహాచలం గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. తనూజ తల్లిని గట్టిగా పట్టేసుకుంది. "తప్పైపోనాది అమ్మా. నిన్నలాగ భయపెట్టీసినానని తెల్దు," అంది ఏడుపు గొంతుతో.

"పద ఇంటికి," అంది నూకరత్నం కాసేపటికి. "ఓడిపోనావు కదా, ఇంకేటి?"

"ఒకసారి ఓడితే ఇంటికి పంపరు పిన్నీ," అన్నాడు నిరంజన్ అనే కుర్రాడు భయం భయంగా. "రెండోపాలి ఓడితేనే బయటికి. ఇంకొక ఆట ఉంది. ఇది గెలిత్తే హైదరాబాదే."

"నువ్వు నోర్ముయ్యి! మీదేవూరు? మీ నాన్న పేరేటి?" అని గద్దించాడు సింహాచలం. ఆయన అనుమానం ఇంకా ఆయన దగ్గరే ఉంది.

అంతలో తెర పక్కనున్న స్పీకరులోంచి పోటీ నడిపే మనిషి గట్టిగా పిలిచాడు. "ఉద్దానం ఎక్కడ? రెండు నిమిషాల్లో రాకపోతే ఉద్దానం అవుట్!"

నూకరత్నం ఉలిక్కిపడింది. టీవీలో ఆ పేరు వినబడితే ఆమె ఎప్పుడూ లేచి కట్టేస్తుంది. ఆ పేరు తర్వాత ఏ మాటలొస్తాయో ఆమెకి కంఠతా వచ్చు. "ఎవుడాడు? మళ్ళీ మన రోగం గురించేనా?" అంది.

"కాదమ్మా. అది నేనే," అంది తనూజ. "ఇందులో ఒక్కొక్కళ్ళం ఒక్కో పేరు పెట్టుకుంటాం. పులి అని ఒకడు, యముడని ఒకడు. నేను ఉద్దానం అని పెట్టుకున్నాను. మొదట్లో అందరూ నవ్వీవారు. ఉద్దానం అంటే కిడ్నీల ఊరే కదా, నీకు బాగుందా అని అడిగీవారు. ఇప్పుడు నాతో ఆటంటే భయపడతన్నారు."

నూకరత్నం కూతురి మొహంలోకి చూసింది. చెంప మీద తన వేళ్ళు ఎర్రగా తేలి ఉన్నాయి. వంగి నేలమీది పట్టీ తీసి, దుమ్ము దులిపి, కూతురి మణికట్టుకి నెమ్మదిగా చుట్టింది.

"బిగువైనాదేటి?"

"సరిపోయింది."

"బేగి ఆడు మరి. ఇందులో నువ్వేది?"

"ఎర్రచీర కట్టినదమ్మా."

కామేశ్ ఇంకో కుర్చీ వేశాడు. నూకరత్నం కూర్చోలేదు. కూతురి వెనకే నిలబడింది. ఆట ఆమెకేమీ అర్థం కాలేదు. ఎర్రచీర బొమ్మకి దెబ్బ తగిలితే "అమ్మో" అంటోంది, దెబ్బ కొడితే "అదీ, ఎయ్యి దెబ్బ!" అంటోంది. మొదటి రౌండు పోయింది. రెండోది తనూజది. మూడోదాంట్లో ఎర్రచీరకి ప్రాణం అణువంత మిగిలింది. అవతలివాడు మీదికి దూకాడు. తనూజ ఎడమచెయ్యి ఒక్కసారి గిర్రున తిరిగింది. అవతలి బొమ్మ గాల్లోకి ఎగిరి దబ్బున పడింది. కుర్రాళ్ళు పెట్టిన కేకలకి గది దద్దరిల్లింది. సింహాచలం తను తిట్టిన నిరంజన్‌నే వాటేసుకుని, వెంటనే సంగతి గుర్తొచ్చి వదిలేశాడు.

స్పీకరులో మనిషి గొంతు చించుకుంటున్నాడు. "ఉద్దానం గెలిచింది! ఉద్దానం హైదరాబాద్ వస్తోంది!"

నూకరత్నం కళ్ళంట నీళ్ళు ధారకట్టాయి. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ పేరు పక్కన ఆ మాట వినడం ఆమెకిదే మొదలు. తడి చెంగుతోనే మొహం తుడుచుకుని, కుర్రాళ్ళ వైపు తిరిగింది.

"ఇంకోపాలి సెప్పమనండర్రా ఆ బాబుని," అంది.