వెనక్కి పెట్టిన చెయ్యి

"ఆ చేతిలో ఏం దాచావే? చెప్పు!"

తమీకా కేకకు ఇల్లంతా అదిరింది. టీవీలో నాలుగోసారి అదే వీడియో! బడి వరండాలో తన కూతురు జనాయా ఎడమ చెయ్యి నడుము వెనక బిగించి నిలబడింది... బడి కాపలా పోలీసు ఆ చేతిని మెలితిప్పాడు... కింద పెద్ద అక్షరాలు: 'ఏదో దాచిన నల్లజాతి యువతి.'

యువతా! పన్నెండేళ్ళు నిండి మూడు నెలలు కాలేదు, బొమ్మ పక్కన లేనిదే నిద్రపోదు! కిందటి నెల కుర్చీ విసిరి అద్దం పగలగొట్టిన తెల్లబ్బాయిది మాత్రం 'పిల్లవాడి పొరపాటు' అని, మొహం కూడా చూపించలేదే!

"ఏం దాచలేదని పదిసార్లు చెప్పా... నువ్వూ వాళ్ళలాగే అడుగుతున్నావ్ కదమ్మా!" జనాయా వెక్కివెక్కి ఏడ్చింది.

చేతికంటిన మొక్కజొన్న పిండితోనే అమ్మమ్మ ఎర్నెస్టీన్ పరుగున వచ్చింది. తెర వైపు చూసి కూలబడిపోయింది.

"అయ్యో యేసయ్యా... అది నేను నేర్పిందే!"

నలభై ఏళ్ళుగా చర్చి గుమ్మం దగ్గర తెల్లబట్టలు, తెల్ల చేతి తొడుగులతో నిలబడి జనాన్ని కూర్చోబెట్టే మనిషి ఆవిడ. అక్కడ పెద్దలు మాట్లాడుతుంటే ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి, నోరెత్తకుండా నిలబడటమే మర్యాద. మనవరాలికి ఏడో ఏటనే నేర్పింది.

"క్లాసులో నవ్వానని టీచర్ వరండాలోకి పిలిచి తిడుతుంటే మర్యాదగా నిలబడ్డా అమ్మమ్మా... ఇంక ఆ చెయ్యి ఎప్పుడూ వెనక్కి పెట్టను!"

తమీకా గుండె తరుక్కుపోయింది. కన్నతల్లే నమ్మలేదే!

గురువారం బడిలో విచారణ. జనాయాని బడి నుంచి తీసేయాలా వద్దా అని. ఎర్నెస్టీన్ వెంట చర్చి నుంచి పదకొండు మంది ముసలమ్మలు తెల్లబట్టల్లో వచ్చి గోడవారన నిలబడ్డారు, ఎడమ చేతులు వెనక్కి పెట్టుకుని.

"మోకాళ్ళు పడిపోతున్నాయే ఎర్నెస్టీన్, ఎంతసేపు?"

"టీవీ వాళ్ళ బుర్రకెక్కేదాకా! నోర్మూసుకో!"

తమీకా లేచింది. చదువు మధ్యలో ఆగిన మనిషి. అయినా జంకలేదు. "మా అమ్మకి డెబ్బై రెండేళ్ళు సార్! వీళ్ళ చేతులు కూడా మెలితిప్పి చూడండి, ఏం దాచారో!"

బడి అధికారులు తలలు దించుకున్నారు. సోమవారం నుంచి పిల్ల బడికి రావచ్చన్నారు. కెమెరాలన్నీ చూశాయి... సాయంత్రం వార్తల్లో మాత్రం వాన కబురు, ఫుట్‌బాల్ ఆట! తమీకా టీవీ కట్టేసింది.

"క్షమించు తల్లీ... ముందు నిన్ను నమ్మాల్సింది."

జనాయా బొమ్మను తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చి గుమ్మం దగ్గర రెండు చేతులూ వేలాడేసి నిలబడింది పిల్ల. అక్కడ ఎన్నడూ నిలబడని తమీకా వెళ్ళి కుడిపక్కన నిలబడి, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుంది. పాట మొదలైంది... ముగిసింది... రెండో పాట సగంలో, ఎవరికీ కనబడకుండా, ఓ చిన్న చెయ్యి నడుము వెనక్కి చేరింది. అమ్మ వేళ్ళను గట్టిగా పట్టుకుంది.