తాబేలు మూడుసార్లే నోరు తెరిచింది

"మళ్ళీ తప్పింది! తాబేలు మూడుసార్లే నోరు తెరిచింది. నువ్వేమో ఉపన్యాసం ఇస్తున్నావు," అద్దం అవతల నుంచి కసిరాడు సౌండ్ ఇంజనీరు.

డబ్బింగ్ గదిలో అందరూ ఎలుగుబంటి అని పిలిచే కుర్రాడికి అది ఏడో టేకు. జంతువుల సినిమాలకి గొంతు అరువిచ్చీ అరువిచ్చీ, అది తిరగలిలా గరగరమంటోంది.

పక్క మైకు దగ్గర, చెప్పులు విడిచి కుర్చీలో కూలబడి ఉంది ఆమె, ఇంజనీరు అన్నకూతురు. మూడేళ్ళు, పదకొండు సినిమాలు. అతను ఎలుగైతే ఆమె ఎలుగు పెళ్ళాం. అతను హంసైతే ఆమె జంట హంస. తెరమీద ఒకరికొకరు ప్రాణాలిచ్చుకున్నారు. బయట మాత్రం "కాస్త జరుగుతారా" దాటలేదు.

"త్వరగా కానివ్వండి బాబూ. నాకివాళే ఆఖరు. రేపట్నుంచి రైల్వే స్టేషన్లో అనౌన్సర్ని. రైళ్ళ కోసం ఏడవక్కర్లేదు," అంది.

అతను కాగితం మీంచి తలెత్తి ఆమెకేసి చూశాడు.

తెరమీద ఆడ తాబేలు సముద్రంలోకి పోతోంది. ఒడ్డున మగది. కాగితంలో ఉన్న మాట "క్షేమంగా వెళ్ళి రా". ఎర్ర లైటు వెలిగింది.

"వెళ్ళకు," అన్నాడు.

తాబేలు మూడుసార్లు తెరిచిన నోటికి మాట అతికినట్టు సరిపోయింది.

ఆమె కళ్ళు మూసుకునే అడిగింది. "అది కాగితంలో లేదే. తాబేలు అందా, మీరన్నారా?"

"నేనే."

"మరి తాబేలు గొంతెందుకు? మీ సొంత గొంతు నేనింతవరకూ సరిగ్గా వినలేదు. దాంతో చెప్పండి."

పీలగా వచ్చింది మాట. "వెళ్ళకండి. అంటే... ఉద్యోగానికి వెళ్ళండి. నన్నొదిలేసి వెళ్ళకండి."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక సగంలో ఆపేసింది.

"ఈ బక్క గొంతుతోనా నన్ను పులుల్నించి కాపాడింది! సరే, రేపు సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగుతాను. అప్పటికి మాట్లాడే ఓపిక ఉండదు. ఊరికే పక్కన కూర్చోగలరా?"

"మూడేళ్ళుగా చేస్తున్న పని అదేగా."

స్పీకరు గొంతు సవరించుకుంది.

"అమ్మాయీ, రికార్డింగ్ ఆపడం మర్చిపోయాను. తాబేలు మాట సినిమాకి, మిగతాది మా అన్నయ్యకి. ఆయన చేత ఊఁ అనిపించే పూచీ నాది." ఇంజనీరు కుర్రాడి వైపు తిరిగాడు. "అల్లుడుగారూ, టేకు ఓకే. ఇంక ఇళ్ళకి పోయి పడుకోండి."