మేస్త్రి లాగౌట్ కాలేదు

మధ్యాహ్నం మూడయింది. టీ చల్లారిపోతున్నా ఆపరేటరమ్మ నల్లటి తెర మీంచి చూపు తిప్పలేదు. దుంగల్ని పొట్టు చేసే మిల్లు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. దాన్ని నడిపేదీ ఆపేదీ మాత్రం ఈ గదిలో ఆమె కొట్టే అక్షరాలే.

అక్కడొక కట్టుబాటుంది. రిపేరుకి పళ్ల చక్రాల మధ్యకి దిగేముందు ఫిట్టరు వాటి పక్కనున్న కంప్యూటర్లో తన పేరుతో లాగిన్ అవ్వాలి. ఆమె తెర మీది జాబితాలో ఆ పేరున్నంతసేపూ యంత్రం కదలదు. పైకొచ్చాక లాగౌట్ అవ్వాలి.

పాత ఫిట్టరు కళ్లజోడు నెత్తిన పెట్టుకుని మిల్లంతా వెతికే రకం. మతిమరుపు మేస్త్రి అనేవారు. అతను లాగౌట్ మర్చిపోవడం, ఆమె విసుక్కుంటూ ఇక్కణ్ణుంచే అతని కనెక్షన్ తెంపి జాబితాలో పేరు తీసేయడం రోజూ ఉన్నదే. మూడు నెలల కిందటా అలాగే తెంపి, యంత్రం నడిపింది. ఆ రోజు మేస్త్రి మర్చిపోలేదు. లోపలే ఉన్నాడు. బయటికి తీస్తే నడుము పైన ఏమీ మిగల్లేదట. కనెక్షన్ దానంతటదే తెగిందని రిపోర్టులో రాసి ఆమె చేతులు దులుపుకుంది.

మేస్త్రి ఉద్యోగం ఇప్పుడు ఆమె తమ్ముడికొచ్చింది. ఇవాళే మొదటిసారి లోపలికి దిగాడు.

జాబితాలో తమ్ముడి పేరు కింద ఇంకో పేరు చేరింది.

మేస్త్రిది.

ఆమె కీబోర్డు ముట్టుకోలేదు... అయినా తెర మీద అక్షరాలు పడుతున్నాయి. ఒక్కొక్కటే. తమ్ముడి కనెక్షన్ తెంపమని. చెరిపింది. మళ్లీ పడ్డాయి. తమ్ముడికి ఫోన్ చేసింది.

"పైకి రారా."

"ఇంకొక్క బోల్టక్కా."

"మేస్త్రి కనెక్షన్ తెంపింది నేనేరా. ఇప్పుడు నీది తెగుతోంది. రా."

అవతల ఇనుప మెట్ల మీద బూట్ల చప్పుడు...

"వచ్చేశా."

ఆమెకి ఏడుపొచ్చేసింది. జాబితాలో రెండు పేర్లూ మాయమయ్యాయి. ఫోన్లో చక్రాలు గర్జించాయి.

పటుక్.

ఆమె కుడిచేతి చిటికెనవేలు వెనక్కి విరిగింది. పక్కవేలు... దాని పక్కది. గదిలో ఎవరూ లేరు. మణికట్టు చర్మం చీలి నెత్తురు కీబోర్డు మీద చిమ్మింది. ఆమె కేక పెట్టింది. ఎడమచేత్తో ఆపమని అక్షరాలు కొట్టింది. యంత్రం ఆగలేదు.

"అక్కా..." తమ్ముడి గొంతు గుసగుసగా వినిపించింది. "లోపల ఎవరో ఉన్నారు. నీ గొంతుతోనే అరుస్తున్నారు."

జాబితాలో ఒకే పేరుంది. ఆమెది. అయినా చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. చక్రాల పక్క కంప్యూటర్లోంచి లాగిన్ అయినట్టుంది. ఎదురుగా తేదీ, మూడు నెలల కిందటిది.